గారుకీ గాడుకీ మధ్య యాభై మైళ్లు

తిరుపతి నుంచి చిత్తూరుకు యాభై మైళ్లు కూడా ఉండదు. బస్సెక్కి ఒక కునుకు తీసి లేస్తే ఊరొచ్చేస్తుంది. దీన్ని కూడా యాత్ర అని రాసుకుంటాడా వీడు అని కాశీ, రామేశ్వరం తిరిగొచ్చినవాళ్లు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. ఆ దారిలో నాకు మూడు రోజులు పట్టింది. తెచ్చుకున్న కోపం మాత్రం నెలలైనా దిగలేదు. అది దిగకముందే రాసేయాలని కూర్చున్నాను.

ఎమర్జెన్సీ ఎత్తేసి ఏడాది దాటింది. నేను తిరుపతిలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. ఆ వేసవిలో టర్కీ దేశం నుంచి నెజాత్ అనే ప్రొఫెసరు మా కాలేజీకి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, బట్టతల, తెల్లటి మీసం, చంకలో ఎప్పుడూ ఒక నల్ల అట్ట నోటు పుస్తకం. మనుషులు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారన్నదే ఆయన పరిశోధన. దానికి కూడా జీతమిస్తారా అనుకున్నాను. మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, "ఇంగ్లీషు వచ్చినోడివి నువ్వే గదప్పా, మూడు దినాలు ఈయన్ని కొండకూ చిత్తూరుకూ తిప్పుకొని రా" అన్నాడు.

సరిగ్గా ఆ వారమే మా నాయన దగ్గర్నుంచి కార్డు వచ్చింది. ఆయనకు చదువు రాదు, ఎవరి చేతనో రాయించాడు. "రాతి మీద నా పేరు కొడతా ఉండారు. వచ్చి సూసిపో." మాది కాణిపాకం పక్కన దిగువమిట్ట. ఊళ్లో బడి కట్టడానికి జాగా లేకపోతే, మా నాయన తన పది సెంట్ల మాన్యం రాసిచ్చేశాడు. ఆయనకున్న భూమి అంతే. బడి గోడకు పెట్టే రాతిపలక మీద ఆయన పేరు కూడా వేస్తామని పంచాయతీ ప్రెసిడెంటు మాటిచ్చాడు.

ఆ మాన్యం ఏ మాన్యమో కూడా చెప్పాలి. మంగలి మాన్యం. మా నాయన మంగలి. ఈ ముక్క తిరుపతిలో ఒక్కరికీ చెప్పలేదు. అద్దె ఇంటివాళ్లు అడిగితే మాది వ్యవసాయం అన్నాను. కాలేజీలో అడిగితే అదే అన్నాను. నెజాత్ అడగకపోయినా ముందుజాగ్రత్తగా అదే అన్నాను. మూడో రోజు ఆయన్ని కాణిపాకంలో కూర్చోబెట్టి, నేనొక్కణ్ణే ఊళ్లోకి పోయి రాయి చూసి వచ్చేద్దామని నా లెక్క.

తిరుపతి

మొదటి రోజు పొద్దున్నే ఆయనకు గడ్డం గీయించుకోవాలనిపించింది. ఊళ్లో చూడ్డానికి ఇన్ని ఉండగా మొట్టమొదట నన్ను ఈడ్చుకుపోయింది మంగలి షాపుకు! రెండు కుర్చీలు, ఒక పగిలిన అద్దం, గోడ నిండా దేవుళ్ల క్యాలెండర్లు. షాపు నడిపే సుబ్బయ్యకు అరవై దాటి ఉంటాయి. బెంచీ మీద కూర్చున్న బట్టల షావుకారు నన్ను చూసి ఊరికే మాట కలిపాడు.

"ఈడికే వస్తా ఉండామప్పా ఇరవై ఏండ్లుగా. సుబ్బిగాడు కత్తి పట్టినాడంటే సుక్క రక్తం రాదు."

నెజాత్ ముఖం వెలిగిపోయింది. సబ్బు నురగతోనే పుస్తకం తెరిచి ఏదో రాసుకున్నాడు. బయటికి వచ్చాక చెప్పాడు. వాళ్ల భాషలోనూ మన మాదిరే పేరు ముందు, మర్యాద మాట తర్వాతట. మగవాళ్లకు బే, ఆడవాళ్లకు హనుమ్. మనం రామయ్య గారు అన్నట్టు ఆయన్ని నెజాత్ బే అంటారు. చదువు చెప్పేవాణ్ణి హోజా అంటారు. అన్నకు ఆబీ, అక్కకు అబ్లా. బస్సు కండక్టరైనా, కూరగాయలమ్మైనా సరే, ముక్కూ మొగం తెలియనివాళ్లను కూడా అట్లా వరస కలిపే పిలుస్తారట. చేతిపని తెలిసినవాణ్ణి ఉస్తా అంటారట. "మంత్రి వచ్చి కుర్చీలో కూర్చున్నా మంగలిని ఉస్తా అనే అంటాడు. మెడ దగ్గర కత్తి పెట్టుకున్నవాడితో మర్యాదగా ఉండాలి కదా" అని నవ్వాడు.

"కానీ మీరు మాకంటే ముందున్నారు. మేం మంగలిని బే అనం. మీరు మంగలికి కూడా గారు అంటారు. ఇప్పుడే విన్నాను, సుబ్బి గారు!"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లు మండింది. వాళ్ల భాషలో మన 'డ' లేదు. ఆయన చెవికి గాడు అన్నా గారు అన్నా ఒకటే. షావుకారు నోట్లోంచి వచ్చిన తుపుక్కుమన్న మాటను ఈ పెద్దమనిషి పన్నీరనుకొని పుస్తకంలో పట్టుకున్నాడు. అక్కడికక్కడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. చెబితే, గాడు ఎవరికంటారు, ఎందుకంటారు, మీ ఇంట్లో ఎవరినైనా అంటారా అని తవ్వుతాడు. అదే ఆయన పని. నోరు మూసుకున్నాను.

పైగా ఆయన పుస్తకం నా ముందు పెట్టి, ఆ మాట మీ లిపిలో రాసివ్వండి హోజా అన్నాడు. రెండక్షరాలు గుండ్రంగా రాసిచ్చాను. గా. రు.

ఇంకొకటి మరిచాను. గడ్డం అయ్యాక డెబ్బై అయిదు పైసలకు రూపాయి ఇచ్చి, సుబ్బయ్య చేతుల వైపు చూస్తూ నెజాత్ "ఎలినిజె సాలుక్" అన్నాడు. వంట చేసినవాళ్లకూ, గడ్డం గీసినవాళ్లకూ వాళ్లు చెప్పే మాట అది, మీ చేతులకు ఆరోగ్యం అని. "ఏం సెప్తా ఉండాడు సామీ ఈ దొర?" అని సుబ్బయ్య నన్నడిగాడు. "నీ చేతులు సల్లగుండాలంట" అన్నాను. ఆయన మీ అన్నదాన్ని నేను నీ చేశానని బస్సు ఎక్కాక గానీ నాకు తట్టలేదు.

తిరుమల

కొండ మీద మాత్రం ఏ తేడా లేదు. బస్సులో "స్వామీ, కాస్త జరగండి." క్యూలో "స్వామీ, తోయకండి." గుండు కొట్టించుకునే చోట, మంగలి ముందర తల వంచి, "స్వామీ, పిల్లోడికి జాగర్త." కోటీశ్వరుడూ స్వామే, కూలీ స్వామే. నెజాత్ కళ్లు పెద్దవి చేసుకొని చూశాడు. నాకూ కాసేపు మనసు తేలికైంది, అబద్ధం ఎందుకు.

దిగివచ్చి అలిపిరి దగ్గర బస్సు ఆగీ ఆగకముందే, క్యూలో మా వెనక గంటసేపు స్వామీ స్వామీ అన్న గుండాయన బస్సు టాపు మీద పెట్టె కోసం కూలీని కేకేశాడు. "ఒరే, యాడ సచ్చినావురా?" గుండు మీద చందనం ఇంకా ఆరలేదు. కొండ మీది మర్యాద కొండ మీదే వదిలేసి రావాలని ఎవరైనా రూలు పెట్టారేమో నాకు తెలియదు.

ఆ సాయంత్రం కాఫీ హోటల్లో యజమాని నెజాత్‌కు వినయంగా చెప్పాడు, "కూసోండి సార్, ఎంకటిగాడు నీళ్లు తెస్తా ఉండాడు." నెజాత్ మళ్లీ పుస్తకం తీశాడు. నీళ్లు తెచ్చేవాడు కూడా గారే! అప్పటికి అయిదో ఆరో అయ్యాయి.

వాళ్ల దేశంలో బే, ఎఫెంది, పాషా లాంటి బిరుదులన్నిటినీ ప్రభుత్వం ఎప్పుడో చట్టం చేసి రద్దు చేసిందట. కాగితాల్లో పోయాయట, నోళ్లలో పోలేదట. నాకు నవ్వొచ్చింది. మనమూ అంటరానితనాన్ని చట్టంలో తీసేశాం. నాలుకకు చదువు రాదు కదా, చట్టం ఎట్లా చదువుతుంది! ఆ మాట కూడా ఆయనతో అనలేదు.

చిత్తూరు

రెండో రోజు చంద్రగిరి, పాకాల మీదుగా చిత్తూరు చేరాం. బస్సులో సగం తెలుగు, సగం అరవం. బస్టాండు దగ్గర మెస్సులో రాగి సంగటి, మేం ఊరిబిండి అనే చెనక్కాయల కారప్పచ్చడి, రెండు రూపాయలు. నెజాత్ ఊరిబిండి వేలెడు తీసుకొని నోట్లో పెట్టుకున్నాడు. వద్దనేలోపలే కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. చిటికె వేసి సర్వర్‌ను పిలిచాడు. చిటికె వేసి! ఉస్తా అనీ ఆబీ అనీ అంత చెప్పిన మనిషి! నాకు లోపల్లోపల సంతోషమైంది. ఈయనా మనలాంటి వాడేనని.

ఆ సాయంత్రం లాడ్జి వరండాలో టీ తాగుతూ ఎఫెంది అంటే ఏమిటని అడిగాను.

"ఒకప్పుడు సుల్తాను కొడుకులకు ఉండే మాట. చదువుకున్న పెద్దలకు ఉండేది. తర్వాత జారుతూ జారుతూ కిందికి వచ్చింది. ఇప్పుడు పేరు వెనక ఎఫెంది అంటే గేటు కాపలావాడు, ఆఫీసు బంట్రోతు. మా నాన్న ఇస్తాంబుల్‌లో ఒక పెద్ద మేడకు కావలి. హసన్ ఎఫెంది. మేడలో ఉన్నవాళ్లంతా బేలు, మా నాన్న ఒక్కడే ఎఫెంది. తిట్టు కాదది. మర్యాద మాటే. మర్యాదగానే నువ్వెక్కడివాడివో గుర్తు చేస్తారు."

తర్వాత అన్నాడు, "నేను ఉద్యోగంలో చేరాక మా ప్రొఫెసరు ఒకాయన అదే మేడలోకి అద్దెకు వచ్చాడు. ఒకరోజు ఆయనతో కలిసి వెళ్తుంటే మా నాన్న తలుపు తీశాడు. ప్రొఫెసరు 'సలాం, హసన్ ఎఫెంది' అన్నాడు. నేను కూడా 'సలాం, హసన్ ఎఫెంది' అన్నాను. మా నాన్నను. మా నాన్న నాకూ తలుపు తీసి పట్టుకున్నాడు."

మళ్లీ తనే అన్నాడు, "మీ ఊళ్లో పుట్టి ఉంటే మా నాన్న హసన్ గారు అయ్యేవాడు."

ఎంత అవకాశం! ఆయన తన గుండె తీసి బల్ల మీద పెట్టాడు. మా నాయనా అంతే సార్ అంటే సరిపోయేది. నేను ఇంకో టీ చెప్పాను.

కాణిపాకం

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చెయ్యడానికి మా జిల్లాలో ఎంతటివాడూ జంకుతాడు. పొలం తగాదా అయినా, అన్నదమ్ముల తగాదా అయినా, "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" అంటే సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి. నెజాత్ గుడి బయటే నిలబడ్డాడు. నేను లోపలికి పోయి, కళ్లు మూసుకోకుండానే దండం పెట్టి వచ్చేశాను.

"మీరు ఇక్కడ కూర్చోండి, మా పొలం పని ఒకటి చూసుకొని గంటలో వస్తాను" అన్నాను. ఆయన వింటేనా? పల్లెటూరు చూడకుండా ఎట్లా పోతానన్నాడు. ఎండలో రెండు మైళ్లు నా వెనకే నడిచాడు. దారి పొడుగునా ఆయన్ని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

దిగువమిట్ట

బడి వరండాలో రాతిపని మేస్త్రి ఆర్ముగం పలక ముందర కూర్చొని ఉలి కొడుతున్నాడు. మా నాయన కనబడలేదు. బతికాననుకొని పలక చదివాను. పై వరసలో శ్రీ అని మొదలుపెట్టి గారు అని ముగించిన ప్రెసిడెంటు పేరు. దాని కింద బడి కట్టి డబ్బు తీసుకున్న కాంట్రాక్టరు. ఆయనా శ్రీ, ఆయనా గారు. దాని కింద ప్రెసిడెంటు బావమరిది. ఏం ఇచ్చాడో తెలియదు, శ్రీ, గారు. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, స్థలదాత. మంగలి మునిగా. ఆర్ముగం అక్కడిదాకా చెక్కాడు. చివరి అక్షరం ఇంకా సుద్దతో గీసే ఉంది. డు.

నెజాత్ పలక ముందర గొంతుకూర్చున్నాడు. పుస్తకం తెరిచి నేను రాసిచ్చిన రెండక్షరాలు పక్కన పెట్టి, పై వరస నుంచి వేలితో చూసుకుంటూ వచ్చాడు. కింద ఆగాడు.

"హోజా, ఇక్కడ పొరపాటు పడింది. పైన మూడు చోట్లా మీరు నేర్పిన అక్షరమే ఉంది. ఇక్కడ వేరేది గీశాడు. చెక్కకముందే చెప్పండి."

"పొరపాటు కాదు" అన్నాను. "మీరు మూడు రోజులుగా విన్నది ఇదే. గారు కాదు. గాడు. మనిషిని పురుగును చేసే మాట. మీ పుస్తకంలో రాసుకున్నవన్నీ తప్పు. నాకు మొదటి రోజే తెలుసు."

"తెలిసీ చెప్పలేదా?"

"ఈ పేరు మా నాయనది."

నెజాత్ నా ముఖం చూడలేదు. ఆ పుటలన్నిటి మీదా ఒక్కొక్క గీత కొట్టుకుంటూ పోయాడు. నేను వేలు తడి చేసుకొని పలక మీది సుద్ద డు చెరిపేశాను. ఆర్ముగం సుద్దముక్క లాక్కొని రు రాశాను.

"సామీ, నాకు రెండూ ఒకే కూలి" అన్నాడు ఆర్ముగం. "డు అంటే డు కొడతా, రు అంటే రు కొడతా. అయితే ప్రెసిడెంటు రాసిచ్చిన సీటీలో డు ఉండాది."

ఉలి చప్పుడు ఆగిందనేమో, ప్రెసిడెంటు వచ్చాడు. ఆయన వెనక నాలుగడుగుల దూరంలో, చంకలో కత్తుల పొది పెట్టుకొని మా నాయన. ప్రెసిడెంటుకు ఇంట్లోనే గడ్డం గీసి వస్తున్నాడు.

"ఏమప్పా అయ్యోరూ, ఎప్పుడొస్తివి?" అన్నాడు ప్రెసిడెంటు. పలక చూశాడు. రు చూశాడు. కోపం రాలేదు ఆయనకు. నవ్వాడు. "నన్ను సూస్తావేమప్పా? ఆ పేరు నేను పెట్టినానా? మీ నాయన్నే అడుగు."

"అవునబ్బోడా, నేనే సెప్పినా" అన్నాడు మా నాయన. "మునస్వామి అని కొడితే ఎవురికి తెలుస్తాది? ఊర్లోకి వచ్చి మునస్వామి ఎవురప్పా అని అడిగితే నేనే తెల్లమొగం ఏస్తా."

"నాయనా, నీకు సిగ్గులేదా? ఉండే మాన్యమంతా ఇచ్చింది గాడు అనిపించుకోడానికా?" అని అరిచాను.

ఆ మాట అనాల్సింది ప్రెసిడెంటును. అన్నది మా నాయనను. నాకు పైకి చూసి అరిచే ధైర్యం లేదు. నీళ్ల మాదిరి నా కోపం కూడా పల్లానికే పారింది. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

"సిగ్గేందిరా?" అన్నాడు ఆయన మెల్లగా. "నేను పోయినాక గూడా ఆ రాయి ఉంటాది గదా."

"రు కొడితే నువ్వు గారైపోతావు మునిగా" అన్నాడు ప్రెసిడెంటు. "రేప్పొద్దున నా గడ్డం ఎవురు గీసేది?"

అందరూ నవ్వారు. అందరికంటే ముందు మా నాయన నవ్వాడు.

ఏమన్నాడని నెజాత్ అడిగాడు. ఈసారి ఒక్క ముక్క దాచలేదు. విని, "మా నాన్న కూడా ముందే నవ్వేసేవాడు" అన్నాడు. తర్వాత మా నాయన దగ్గరికి పోయి, తన చెంప చూపించి, వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ముందు రోజు మాపటేళ చిత్తూరులో నున్నగా గీయించుకున్న గడ్డం అది. మా నాయన పొది విప్పి, లేని గడ్డాన్ని అంత శ్రద్ధగా గీశాడు. నెజాత్ లేచి, "మునస్వామి ఉస్తా, ఎలినిజె సాలుక్" అన్నాడు.

"ఉస్తా అంటే ఏందిరా?" అన్నాడు మా నాయన.

"మేస్త్రి అని. పనిలో గురువని."

"మేస్త్రి ఈయప్ప గదా" అని ఆర్ముగాన్ని చూపించాడు. "ఇంకేందో అన్నాడే?"

"నీ చేతులు సల్లగుండాలంట నాయనా." నీ అనే అన్నాను. మా ఇళ్లల్లో నాయనను మీరు అంటే, ఎవరి నాయనతోనో మాట్లాడుతున్నారనుకుంటారు. కొడుకు నోట్లో నువ్వు వేరు, ప్రెసిడెంటు నోట్లో నువ్వు వేరు. దీన్ని నెజాత్ పుస్తకంలో ఏ అక్షరంతో రాయాలో నాకు తెలియదు.

మేం బయల్దేరుతుంటే ప్రెసిడెంటు ఆర్ముగంతో అన్నాడు, "ఆపప్పా మేస్త్రీ. ఆ ఒక్క అక్షరం తర్వాత సూస్తాం." చుట్టంలా వచ్చిన దేశంకాని దేశపు మనిషి ముందర పేచీ ఎందుకని కాబోలు.

మళ్లీ దిగువమిట్ట

జూన్‌లో బడి తెరిచారు. పలక గోడకు ఎక్కింది. చివరి అక్షరం ఎవరూ కొట్టలేదు, ఆ మేర రాయి నున్నగా ఉండిపోయిందని ఊరి నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. ఎగిరి గంతేశాను. రు పడకపోతే పోయింది, డు పడకుండా ఆపాను గదా! నెజాత్ బేకు ఇస్తాంబుల్‌కు గొప్పగా ఉత్తరం రాశాను. కాలేజీ స్టాఫ్ రూములో మా నాయన మంగలి అని మొదటిసారి చెప్పాను. ఇద్దరు ముఖాలు తిప్పుకున్నారు, ఇంటివాళ్లు వచ్చే నెల ఖాళీ చెయ్యమన్నారు. లెక్కచేయలేదు. అంత గర్వంగా ఉండింది.

జూలైలో ఊరికి పోయాను. నాయనా నేనూ బడి ముందు నుంచి నడిచిపోతున్నాం. ఆయన చంకలో పొది, భుజం మీద తుండుగుడ్డ. అయ్యవారు పిల్లలను గోడ దగ్గర నిలబెట్టి పలక మీది అక్షరాలు చదివిస్తున్నాడు. రెండు జడల పిల్ల ఒకతి వేలు పెట్టి కూడబలుక్కుంటూ కిందికి వచ్చింది. స్థ, ల, దా, త. తర్వాత గొంతెత్తి, రాతి మీద ఎట్లా ఉందో అట్లాగే, ఒక్క అక్షరం ఎక్కువ తక్కువ లేకుండా చదివింది.

"మంగలి మునిగా!"

మా నాయన టక్కున ఆగిపోయాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. బడి వైపు తిరిగి, ఎవరు పిలిచారో కూడా చూసుకోకుండా అన్నాడు.

"ఆ, వస్తా ఉండా సామీ."